తండ్రికన్నా కొడుకు రెండేళ్లు పెద్దవాడా?

లేఖన సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోన్లో మొదలైన తగువులే. ఒకే ప్రశ్న నలుగురైదుగురు పంపినచోట ఒకరిదే వేశాం. పేర్లు తీసేశాం, ఊళ్లు ఉంచాం.

ప్రశ్న: రాజులు రెండవ గ్రంథం 8:26లో యూదా రాజు అహజ్యా గద్దెనెక్కేనాటికి 22 ఏళ్లవాడని ఉంది. దినవృత్తాంతములు రెండవ గ్రంథం 22:2లో 42 అని ఉంది. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకతను ఈ రెండూ పక్కపక్కన పెట్టి, “దేవుడికి లెక్కలు రావా?” అని అడిగాడు. గ్రూపులో క్రైస్తవులం ముగ్గురమే. ఏమని జవాబివ్వాలి?
– సండే స్కూల్ టీచర్, నరసాపురం

జవాబు: ముందు ఆ రెండు చోట్లూ మీ బైబిల్లో తెరిచి చూసి, అంకెలు అలాగే ఉన్నాయని గ్రూపులో ఒప్పుకోండి. మనవాళ్లు చాలామంది ఇక్కడే జారిపోతారు. పుస్తకం తెరవకుండానే “బైబిల్లో ఒక్క తప్పూ లేదు” అని గజం పొడుగు మెసేజ్ పెడతారు. అవతలివాడు పేజీ ఫొటో తీసి పెడతాడు. ఇక ఆ తర్వాత మీరేం చెప్పినా వినేవాడుండడు. సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చేవాడు సిగ్గునొందుతాడని సామెతలు 18:13 ఊరికే అనలేదు.

ఇక లెక్కకు వద్దాం. 22:2 దగ్గరే ఆగకుండా ఒక అధ్యాయం వెనక్కి వెళ్లండి. 21:20 ప్రకారం అహజ్యా తండ్రి యెహోరాము 32వ ఏట రాజై 8 ఏళ్లు ఏలాడు. అంటే 40 ఏళ్లకు పోయాడు. ఆ వెంటనే అహజ్యా గద్దెనెక్కాడు. అప్పటికి అతనికి 42 అయితే తండ్రికన్నా రెండేళ్లు పెద్ద. పైగా 22:1 అతణ్ని కడగొట్టు కొడుకంటోంది. 42 పొసగదని తేల్చడానికి బయటి సాక్షి అక్కర్లేదు, అదే గ్రంథం ముందు పేజీ చాలు. 22 అయితే పొసుగుతుంది. “అయితే తండ్రికి పద్దెనిమిదో ఏటికే కడగొట్టువాడు పుట్టాడా?” అని తెలివైనవాడెవడైనా వెంటనే అడుగుతాడు, సిద్ధంగా ఉండండి. యెహోరాముకు ఒక్క భార్య కాదు, 21:14 “భార్యలు” అనే అంటోంది. రాచకుటుంబాల్లో పెళ్లిళ్లు చిన్న వయసులోనే అయ్యేవి. అన్నలు, కడగొట్టువాడు వేర్వేరు తల్లుల బిడ్డలై ఏడాది రెండేళ్ల తేడాలో పుట్టి ఉండొచ్చు.

మరి 42 ఎక్కడిది? చేత్తో నకలు రాసేటప్పుడు దొర్లిన పొరపాటు అనే ఎక్కువమంది పండితులు అంటారు. దినవృత్తాంతముల సిరియా భాషా ప్రాచీన అనువాదంలోనూ, కొన్ని గ్రీకు ప్రతుల్లోనూ ఇదే చోట 22 ఉంది. ఇప్పటి అనువాదాలు కొన్ని 22 అనే అచ్చువేసి, హీబ్రూలో 42 ఉందని అడుగున చెబుతాయి. హీబ్రూ అక్షరాలను అంకెలుగా వాడే పద్ధతిలో 20కి కాఫ్, 40కి మేమ్. పాత లిపిలో ఒకదాన్ని చూసి మరొకటి అనుకున్నారేమో అన్నది ఒక ఊహ. ఊహను ఊహగానే చెప్పండి, రుజువుగా చెప్పకండి.

42ను నిలబెట్టాలని కొందరు అది అహజ్యా వయసు కాదు, అతని తల్లివైపు వంశమైన ఒమ్రీ వంశం మొదలైన దగ్గర్నుంచి లెక్క అంటారు. పాత వాదనే, కానీ దాని జోలికి పోకండి. వాక్యం “ఏండ్లవాడై” అని సూటిగా వయసే చెబుతోంది. మీరు మెలికలు తిప్పుతున్నారని చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది.

“అయితే బైబిలు నమ్మదగినది కాదా” అని లోలోపల మీకే గుబులు పుడితే దానికీ ఒక మాట. లేఖనంలో పొరపాటు లేదని గట్టిగా వాదించే సువార్తిక పండితులే 1978లో షికాగోలో ప్రకటన చేసినప్పుడు, ఆ మాట మొదట రాసిన మూలప్రతులకే వర్తిస్తుందని 10వ అంశంలో రాసుకున్నారు. నకళ్లు రాసినవాళ్ల చెయ్యి ఎన్నడూ జారలేదని వాళ్లే అనలేదు. మనం అంతకుమించి ఎందుకు పూచీ పడాలి?

గ్రూపులో ఇంత వ్యాసం పెట్టొద్దు. ఈపాటి చాలు: “మీరు చెప్పినట్టే ఉంది, చూశాను. 21:20తో కలిపి చదివితే 42 కుదరదని ఆ పుస్తకమే చూపిస్తోంది. నకలు రాసినప్పటి పొరపాటు అంటారు, పాత ప్రతులు కొన్నింట్లో 22 ఉంది. ఈ అంకె మీద మా విశ్వాసంలోని ఏ అంశమూ ఆధారపడి లేదు.” మళ్లీ అదే ప్రశ్న తిప్పి అడిగితే మళ్లీ రాయనక్కర్లేదు.

ప్రశ్న: 1 యోహాను 5:7లో “తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురు ఒకటే” అన్న మాట ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో ఉంది, మన తెలుగులో లేదు. త్రిత్వాన్ని తీసేయడానికి కుట్ర జరిగిందని ఒక వీడియో తిరుగుతోంది. నిజమేనా?
– ఖమ్మం

జవాబు: ఆ మాట మన వాడుక తెలుగు బైబిల్లో లేదన్నంతవరకు నిజం. అక్కడ ఏడో వచనం ఆత్మ సత్యము గనుక ఆత్మయే సాక్ష్యమిచ్చువాడని, ఎనిమిదోది ఆత్మ, నీళ్లు, రక్తం అనే ముగ్గురు సాక్షుల గురించీ చెబుతుంది. తీసేశారన్నది మాత్రం తలకిందుల మాట. తర్వాత చేరినదాన్ని ఇక్కడ చేర్చలేదు, అంతే.

డచ్ పండితుడు ఎరాస్మస్ 1516లోనూ, 1519లోనూ గ్రీకు కొత్త నిబంధన అచ్చువేసినప్పుడు ఆ వాక్యం పెట్టలేదు. తాను చూసిన గ్రీకు ప్రతుల్లో అది లేదు. లాటిన్ బైబిలుకు అలవాటుపడినవాళ్లు గోల చేశారు. ఆ తర్వాత అది ఉన్న గ్రీకు ప్రతి ఒకటి బయటికొచ్చింది, ఇప్పుడది డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది. 1522 నాటి మూడో ముద్రణలో ఎరాస్మస్ ఆ వాక్యం చేర్చాడు. అక్కడి నుంచి 1611 కింగ్ జేమ్స్‌లోకి వచ్చింది. గ్రీకు ప్రతుల్లో ఇది కనిపించేవి గుప్పెడే. వాక్యభాగంలోనే ఉన్న ప్రతుల్లో 14వ శతాబ్దానికి ముందుది ఒక్కటీ లేదు. కొన్నింట్లో మార్జిన్‌లో తర్వాతివాళ్లు రాసి ఉంది.

కుట్ర అనేవాళ్లను ఒక్కటి అడగండి. నాలుగో శతాబ్దంలో, కుమారుడు తండ్రితో సమానుడు కాడన్న ఆరియస్ బోధ మీద ఏళ్ల తరబడి వాదాలు జరిగాయి కదా, గ్రీకులో రాసిన సంఘ పితరులు తమకు ఇంత కలిసొచ్చే వచనాన్ని ఎందుకు ఎత్తలేదు? వాళ్ల ప్రతుల్లో లేదు కాబట్టి. అది లేకుండానే త్రిత్వాన్ని మత్తయి 28:19 వంటి వచనాల నుంచి నిలబెట్టారు. ఆదివారం ఆరాధన చివర అయ్యగారు చెప్పే ఆశీర్వాదం 2 కొరింథీయులకు 13:14. అందులో ముగ్గురూ ఉన్నారు.

ఇలాంటి వీడియో వచ్చినప్పుడు ఫోన్ యాప్ ఒక్కటే చూసి తేల్చుకోవద్దు. యాప్‌లలో అడుగున ఉండే చిన్నక్షరాల గమనికలు తరచు ఎగిరిపోతాయి. అచ్చు బైబిలు ఒకటి, గమనికలున్న కొత్త అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి. మార్కు 16:9-20, యోహాను 7:53 నుంచి 8:11, అపొస్తలుల కార్యములు 8:37 కూడా ఒకసారి అలా చూడండి. ఇవన్నీ ప్రతుల్లో తేడా ఉన్న చోట్లే. ముందే తెలిసుంటే వీడియో చూసి గుండె జారదు.

ప్రశ్న: యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయని మా పెద్దనాన్నగారు ఫార్వర్డ్ చేశారు. యవ్వనస్థుల కూడికలో చెప్పొచ్చా?
– కాకినాడ

జవాబు: వద్దు. అలాంటిదేమీ జరగలేదని నాసా ఎప్పుడో చెప్పింది. కంప్యూటర్లు పుట్టకముందే, 1890లో, అమెరికాలో ఒకాయన తప్పిపోయిన రోజు లెక్క కట్టానంటూ పుస్తకమే వేశాడు. ఆ కథకే తర్వాత ఎవరో నాసా పేరు తగిలించారు.

అసలు అది ఎందుకు సాధ్యం కాదో చూడండి. గ్రహాల స్థానాలను వెనక్కి లెక్కకట్టొచ్చు. కానీ మధ్యలో ఒక రోజు తప్పిందని తేలాలంటే, ఆ సంఘటనకు ముందు ఫలానా రోజున ఫలానా గ్రహణం పట్టిందని అప్పటివాళ్లు రాసిపెట్టినది ఉండాలి. దానితో పోల్చి చూడాలి. లెక్కకు లెక్కే సాక్షి కాదు.

ఆ ఫార్వర్డ్‌లోనే దాని గుట్టు ఉంది. యెహోషువ దగ్గర 23 గంటల 20 నిమిషాలు దొరికాయట, మిగతా 40 నిమిషాలు హిజ్కియా రాజు కాలంలో దొరికాయట. ఆ 40 ఎలా వచ్చింది? 2 రాజులు 20లో నీడ పది “డిగ్రీలు” వెనక్కి వెళ్లిందని పాత ఇంగ్లిష్ అనువాదం. వృత్తానికి 360 డిగ్రీలు, రోజుకు 1,440 నిమిషాలు, పది డిగ్రీలకు 40 నిమిషాలు. కానీ మన తెలుగులో అక్కడున్నది పది “మెట్లు”. హీబ్రూ మాటకు అర్థమూ మెట్లే. ఆ మెట్టు ఎంత ఎత్తో, దాని మీద నీడ దిగడానికి ఎంతసేపు పట్టేదో ఎవరు కొలిచారు? తెలుగు బైబిలు చదివేవాళ్లు ఈ కథను నమ్మడమే వింత. పెద్దనాన్నగారికి గ్రూపులో అందరి ముందూ కాక, విడిగా ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: “రక్తప్రోక్షణం లేకుండా పాపపరిహారం లేదు” అన్న అర్థం వచ్చే సంస్కృత వాక్యం వేదాల్లో ఉందని, అది క్రీస్తు గురించేనని కరపత్రాల్లో చదివాను. హిందూ స్నేహితుడితో మాట్లాడేటప్పుడు వాడొచ్చా?
– వరంగల్

జవాబు: ఆ వాక్యానికి సామవేదానికి చెందిన తాండ్య మహాబ్రాహ్మణం పేరు చెబుతుంటారు. దానికే పంచవింశ బ్రాహ్మణమని పేరు, 25 అధ్యాయాలు. కాబట్టి కరపత్రం ఇచ్చినవారిని ఎన్నో అధ్యాయం, ఎన్నో ఖండం అని అడగండి. అచ్చు పుస్తకంలో ఆ పేజీ తెరిచి చూపించమనండి. చూపించలేకపోతే ఆ వాక్యాన్ని నోట్లోంచి రానివ్వకండి. హెబ్రీయులకు 9:22 మన చేతిలో ఉండగా దాన్ని సంస్కృతంలో వినిపించాలన్న ఆత్రం దేనికి? యోహాను సువార్త పదో అధ్యాయంలోంచి అర వాక్యం తెంపి “యేసే ఇలా అన్నాడు” అని ఎవరైనా అంటే మనకు ఒళ్లు మండుతుంది కదా.

నిజంగా ఉన్న చోటు కావాలంటే ఋగ్వేదం పదో మండలం 90వ సూక్తం, పురుషసూక్తం. దేవతలు పురుషుణ్ని హవిస్సుగా చేసి యజ్ఞం చేశారని అందులో ఉంది. కానీ ఆ సూక్తం చెప్పేది ఆ యజ్ఞంలోంచి ఋక్కులు, సామాలు, పశువులు, వర్ణాలు, సూర్యచంద్రులు పుట్టడం. పాపక్షమాపణ ప్రస్తావనే లేదు. మీ స్నేహితుడి ఇంట్లో పూజకు అది చదువుతారేమో, ఆయనకు మీకంటే బాగా తెలుసు. “మీరు దీన్నెలా అర్థం చేసుకుంటారు?” అని అడిగి వినండి. ఆ తర్వాత యేసు సిలువ గురించి మీరు నమ్మేది మీ మాటల్లో, మీ గ్రంథంలోంచి చెప్పండి.

ప్రశ్న: మృతసముద్రపు చుట్టలతో పోలిస్తే మన యెషయా గ్రంథంలో ఒక్క అక్షరం కూడా మారలేదట కదా?
– షార్జా

జవాబు: అంత మాట అనకండి. 1947లో కుమ్రాను దగ్గర దొరికిన పెద్ద యెషయా చుట్ట 7.34 మీటర్ల పొడవు, 54 నిలువు వరుసలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంది. అప్పటిదాకా ఆధారం చేసుకున్న పూర్తి హీబ్రూ ప్రతి క్రీ.శ. 1008 నాటిది. సుమారు 1,100 ఏళ్ల ఎడం ఉన్నా గ్రంథం అదే గ్రంథం, అదే వరుస, అదే సందేశం. ఆశ్చర్యపడవలసింది దీనికే. అక్షరాల మాటకొస్తే తేడాలు వందల కొద్దీ ఉన్నాయి, ఎక్కువ స్పెల్లింగువి. కొన్ని మాటలవి కూడా: 53:11లో ఆ చుట్టలో “వెలుగు” అన్న మాట ఉంది, మన తెలుగులో “వేదనను చూచి తృప్తినొందును” అని మాత్రమే ఉంది. ఒక్క అక్షరం కూడా అని పందెం కడితే ఈ ఒక్క మాటతో ఓడిపోతారు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. దేవుని భక్తి ఉంది, కాదనను. కానీ రాత్రి ఒంటిగంట దాకా ఫోన్లో నాస్తికులతో, వేరే సంఘాలవాళ్లతో వాదనలే. అడిగితే 1 పేతురు 3:15 చూపిస్తాడు. ప్రార్థనకు పిలిస్తే విసుక్కుంటాడు. ఏం చెప్పాలి?
– ఒక తల్లి, చీరాల

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చూపించే వచనం సరైనదే. సగమే చూపిస్తున్నాడు. అడిగిన ప్రతివానికీ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న చోటే “సాత్వికముతోను భయముతోను” అని ఉంది, ఆ పక్కనే నిర్మలమైన మనస్సాక్షి మాట ఉంది. ఇంకోటి కూడా గమనించమనండి. అది “అడుగు” ప్రతివానికి. అడగనివాడి పోస్టు కిందికి వెతుక్కుంటూ వెళ్లి రాయమని పేతురు చెప్పలేదు. అడగాల్సింది మనలోని నిరీక్షణ గురించి. చెవిపోగులు పెట్టుకోవచ్చా, పెట్టుకోకూడదా అని కాదు.

ఫోన్ లాక్కోకండి, పంతం పెరుగుతుంది. సామెతలు 26వ అధ్యాయం 4, 5 వచనాలు ఇద్దరూ కలిసి చదవండి. మూర్ఖునికి వాని మూర్ఖత చొప్పున జవాబియ్యకుమని ఒకటి, ఇమ్మని ఒకటి, పక్కపక్కనే ఉంటాయి. ఇవి పరస్పర విరుద్ధమని వాదించేవాళ్లూ ఉన్నారు. కానీ రెంటికీ కారణం ఆ వెంటే ఉంది: ఇస్తే నువ్వూ వాడిలాగే అవుతావు, ఇవ్వకపోతే వాడు తానే జ్ఞాని అనుకుంటాడు. ఎప్పుడు ఏది అన్నది చదివేవాడు తేల్చుకోవాలి. “నిన్న రాత్రి వాదనలో నీకు నాలుగో వచనం పనికొచ్చేదా, అయిదోదా?” అని అడగండి. జవాబు అతన్నే చెప్పనివ్వండి.

చేతకు వీలైన పద్ధతి ఒకటి చెబుతాం. జవాబు రాసే ముందు అవతలివాడి మాటను తన మాటల్లో ఒక్క వాక్యంగా రాసి, “నువ్వు అన్నది ఇదేనా?” అని అడగాలి. అవునన్నాకే జవాబు. ఒక విడతకు ఒకే ప్రశ్న. ఇది తేలకుండా అవతలివాడు ఇంకోదానికి దూకితే “ముందు ఇది ముగిద్దాం” అనాలి. తనవైపు నుంచి మూడు జవాబులు, అంతే. తీతుకు 3:10లో పౌలు ఒకటి రెండుమార్లే బుద్ధి చెప్పమన్నాడు, మనం ఇంకొకటి ఎక్కువే ఇస్తున్నాం. రాత్రి పది దాటాక రాసింది పొద్దున్న ఇంకోసారి చదివాకే పంపాలి. పొద్దున చదివితే సగం పంపబుద్ధి కాదు. ప్రార్థనకు రావడం లేదన్న విషయాన్ని దీనితో ముడిపెట్టకండి, అది విడిగా, మెల్లగా మాట్లాడాల్సింది.

ప్రశ్న: మా పాస్టరుగారి ప్రసంగంలోంచి 40 సెకన్ల ముక్క కత్తిరించి దుర్బోధ అని తిప్పుతున్నారు. మేమూ అవతలి సేవకుడి మీద వీడియో చేయొచ్చా?
– గుంటూరు జిల్లా

జవాబు: ముందు పూర్తి ప్రసంగం తీసి, ఆ ముక్క ఎన్నో నిమిషంలో ఉందో చూసి, దానికి ముందు అయిదు నిమిషాలు, తర్వాత అయిదు నిమిషాలు వినండి. పాస్టరుగారు నిజంగానే తప్పుగా అని ఉంటే వచ్చే ఆదివారం ఆయనే సరిదిద్దుకోవడం అన్నిటికన్నా శుభ్రం. అనకపోతే పూర్తి వీడియో, నిమిషం నంబరు పెట్టి ఊరుకోండి. వ్యాజ్యంలో మొదట మాట్లాడినవాడిదే న్యాయంగా కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాక తేటపడుతుంది (సామెతలు 18:17). కత్తిరించిన సేవకుడి దగ్గరికి మత్తయి 18:15 ప్రకారం ఒంటరిగా వెళ్లారా? వెళ్లకుండా వీడియో ఎందుకు?

ఇంకో సంగతి. మతభావాలను కావాలని, దురుద్దేశంతో కించపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. వర్గాల మధ్య వైరం రెచ్చగొడితే 196వ సెక్షన్. 2024 జులై 1కి ముందు పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) ఇవే 295ఎ, 153ఎ. అన్యమతాల మీద వెక్కిరింపు వీడియోలు చేసే యవ్వనస్థులకు ఈ నంబర్లు తెలియడం మంచిది. మనమీద అలాంటివి చేసేవాళ్లకు కూడా అవే సెక్షన్లు.

ప్రశ్న: డిసెంబర్ 31 రాత్రి నాకు యిర్మీయా 29:11 వాగ్దాన కార్డు వచ్చింది. అది నా ఉద్యోగం గురించి కాదని, బబులోను చెరలో ఉన్నవారికి రాసిందని ఒకతను ఎగతాళి చేశాడు. ఆ వాగ్దానం నాది కాదా?
– హైదరాబాద్

జవాబు: అతను చెప్పిన సంగతి సరైనది, చెప్పిన తీరు బాగాలేదు. అది యెరూషలేము నుంచి బబులోనుకు పంపిన ఉత్తరం. పదో వచనం 70 ఏళ్లు అంటోంది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు, జనానికి అదే నచ్చి ఉంటుంది. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరపట్టి ఉంచిన ఆ పట్టణం క్షేమం కోరండి అన్నాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రాకుండానే అక్కడే పోయి ఉంటారు.

అలాంటి జనానికి దేవుడు “సమాధానకరమైన ఉద్దేశములు” అన్నాడంటే, ఆ మాట మార్చిలోపు ఉద్యోగం అన్నదానికంటే బరువైనది. ఆ దేవుడే మీ దేవుడు కాబట్టి ఆయన స్వభావం మీకూ అంతే. గడువు మాత్రం మీరు పెట్టలేరు. కార్డు పారేయకండి. దాని వెనక 29:4-14 అని పెన్నుతో రాసుకుని, ఉద్యోగానికి దరఖాస్తు పంపిన ప్రతిసారీ ఆ పదకొండు వచనాలూ చదవండి.